అమీనా లేని కోర్టు

మీరు అడిగినదాన్ని ముందు నా మాటల్లో చెప్పుకుంటాను. హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానానికి పోలీసులు లేరు, జైలు లేదు. ఓడిన దేశం మొండికేస్తే చేయగలిగింది పెద్దగా లేదు. అలాంటప్పుడు దేశాలు అక్కడికి ఎందుకు వెళ్తున్నాయి? గూఢచారి అంటూ పాకిస్తాన్ ఉరిశిక్ష వేసిన కుల్‌భూషణ్ జాధవ్ కోసం మనమే వెళ్ళి ఆ తలుపు తట్టాం కదా, సింధు జలాల దగ్గరికి వచ్చేసరికి హేగ్ తీర్పు చెల్లదని ఎలా అంటున్నాం? విజయవాడలో మీకు పాఠం చెప్పే మాస్టారు ‘అది పేరుకే కోర్టు’ అని తేల్చేశారని కూడా రాశారు.

మీ మాస్టారి మాటలో సగం నిజముంది. మిగతా సగం గురించే ఈ జవాబు. నేను గుంటూరు సివిల్ కోర్టుల్లో ముప్ఫై నాలుగేళ్ళు ప్రాక్టీసు చేశాను. అందులో పన్నెండేళ్ళు సాయంత్రం పూట రైలెక్కి విజయవాడ వెళ్ళి లా విద్యార్థులకు అంతర్జాతీయ న్యాయం చెప్పాను. పగలు గట్టు తగాదాలు, సాయంత్రం దేశాల తగాదాలు. మొదట్లో రెండింటికీ పొంతన లేదనిపించేది. తర్వాత తర్వాత పగటి అనుభవంతోనే సాయంత్రం పాఠం చెప్పేవాణ్ణి.

పోలీసులు ఉన్న కోర్టు ఎలా నడుస్తుందో ముందు చూడండి. గుంటూరు పక్క పల్లెలో మిర్చి వేసే రైతు ఒకాయన నా కక్షిదారు. పొరుగు చేనివాడు గట్టు జరిపి అర ఎకరం కలుపుకున్నాడు. దావా వేస్తే డిక్రీ రావడానికి తొమ్మిదేళ్ళు పట్టింది. డిక్రీ తెచ్చుకోవడం ఒక ఎత్తు, ఇ.పి. (ఎగ్జిక్యూషన్ పిటిషన్) వేసి దాన్ని అమలు చేయించుకోవడం ఇంకో ఎత్తు. అమీనా, అంటే డిక్రీలు అమలు చేసే కోర్టు ఉద్యోగి, వారంటు పట్టుకుని రెండుసార్లు వెళ్ళాడు. ఒకసారి చేలో ఆడవాళ్ళు అడ్డంగా కూర్చున్నారు, ఇంకోసారి ప్రతివాది ఊళ్ళోనే లేడు. ‘అడ్డగించినందున స్వాధీనం ఇప్పించలేకపోయాను’ అని అమీనా రాసిన రిపోర్టు ఇప్పటికీ నా కళ్ళ ముందు ఉంది. ఇలా ఇంకో మూడేళ్ళు గడిచాయి.

చివరికి ప్రతివాది తనంతట తానే వచ్చాడు. కొడుకు చదువుకు బ్యాంకు అప్పు కావలసి వచ్చింది. ఆ భూమి మీద కోర్టు తీర్పు నడుస్తోందని తెలిసిన బ్యాంకు దాన్ని తాకట్టు పెట్టుకోనంది. ఆ రోజు నేను కూడా చేలో ఉన్నాను. అతనే గడ్డపారతో సర్వే రాయిని పెకలించాడు, సర్వేయరు గొలుసు పట్టి చూపించిన చోట అతనే పాతాడు, మట్టి వేసి కాలితో అదిమాడు. అమీనా ఆ చుట్టుపక్కల ఎక్కడా లేడు.

ఈ దేశంలో కక్షిదారుడి అసలు కష్టాలు డిక్రీ చేతికొచ్చాకే మొదలవుతాయని 1872లోనే ప్రివీ కౌన్సిల్, అంటే అప్పట్లో మన కేసులకు ఆఖరి అప్పీలు వినే లండన్ కోర్టు, ఒక తీర్పులో వాపోయింది. తమాషా ఏమిటంటే, సరిగ్గా అదే 1872లో జెనీవా నగరంలో వచ్చిన ఒక పెద్ద డిక్రీ అమీనా అవసరమే లేకుండా అమలైంది. దేశాల మధ్య కోర్టుల కథను నేను ఎప్పుడూ అక్కడి నుంచే మొదలుపెడతాను.

అమెరికా అంతర్యుద్ధంలో దక్షిణాది తిరుగుబాటుదారులకు ఇంగ్లండులోని బిర్కెన్‌హెడ్ రేవులో ఒక ఓడ తయారైంది. దాని పేరు అలబామా. బ్రిటన్ తాను తటస్థమని ప్రకటించుకుని కూడా ఆ ఓడ తన రేవు దాటిపోతుంటే చూస్తూ ఊరుకుంది. అది రెండేళ్ళు సముద్రాల మీద తిరిగి ఉత్తరాది ఓడలను పదుల సంఖ్యలో పట్టుకుని తగలబెట్టింది. యుద్ధం ముగిశాక అమెరికా నష్టపరిహారం అడిగింది. సొమ్ముకు బదులు కెనడా ఇచ్చేయమన్న నేతలు కూడా ఉన్నారు. రెండు దేశాలూ మళ్ళీ యుద్ధానికి దిగుతాయేమో అన్న స్థితి.

1871లో వాషింగ్టన్ ఒప్పందం రాసుకున్నారు. ఐదుగురు మధ్యవర్తులు: అమెరికా నుంచి ఒకరు, బ్రిటన్ నుంచి ఒకరు, ఇటలీ, స్విట్జర్లాండ్, బ్రెజిల్ నుంచి ఒక్కొక్కరు. మన ఊళ్ళ పద్ధతే. నీ మనిషి ఒకడు, నా మనిషి ఒకడు, ఇద్దరికీ చుట్టం కాని పెద్దమనుషులు ముగ్గురు. 1872 సెప్టెంబరులో జెనీవా పురపాలక భవనంలోని ఒక గదిలో తీర్పు వచ్చింది. బ్రిటన్ కోటి 55 లక్షల డాలర్ల విలువైన బంగారం చెల్లించాలని. బ్రిటన్ తరఫు మధ్యవర్తి, స్వయంగా ఆ దేశపు ప్రధాన న్యాయమూర్తి, సంతకం పెట్టనని భీష్మించి పొడవాటి అసమ్మతి రాశాడు. అయినా బ్రిటన్ డబ్బు కట్టింది. అప్పటికి ప్రపంచంలోకెల్లా పెద్ద నౌకాదళం దానిదే, కట్టనంటే వసూలు చేసే దిక్కు లేదు. కానీ రేపు తానే యుద్ధంలో ఉన్నప్పుడు ఇంకొకరి రేవుల నుంచి తన ఓడల మీదికి ఇలాంటి ఓడ బయలుదేరితే? ఆ లెక్క వేసుకుంది. జెనీవాలో ఆ గదిని ఇప్పటికీ అలబామా గది అనే పిలుస్తారు.

(పక్కదారి పట్టినా ఒక మాట. అలబామా ఓడ నీళ్ళలోకి దిగినప్పటి పేరు ఎన్రికా. నూట యాభై ఏళ్ళ తర్వాత కేరళ తీరంలో మన జాలర్లను కాల్చిన ఇటలీ నావికులున్న ఓడ పేరు ఎన్రికా లెక్సీ. ఆ కేసూ మధ్యవర్తుల దగ్గరికే వెళ్ళింది. దాని సంగతి తర్వాత.)

ఆ ఊపులోనే 1899లో హేగ్‌లో శాంతి మహాసభ జరిగి శాశ్వత మధ్యవర్తిత్వ న్యాయస్థానం పుట్టింది. అది శాశ్వతంగా కూర్చునేదీ కాదు, కోర్టూ కాదు అని క్లాసులో నవ్వుకునేవాళ్ళం. నిజానికి అదొక కార్యాలయం, మధ్యవర్తుల పేర్ల జాబితా. తగాదా వచ్చినప్పుడు జాబితాలోంచి మనుషులను ఎంచుకోవాలి. ఉక్కు వ్యాపారి కార్నెగీ ఇచ్చిన 15 లక్షల డాలర్లతో దానికి శాంతి సౌధం కట్టారు. 1913 ఆగస్టులో గృహప్రవేశం. ఏడాది తిరగకుండా మొదటి ప్రపంచ యుద్ధం. ఆ యుద్ధం అయ్యాక 1922లో అసలైన జడ్జీలతో, ఎప్పుడూ ఉండే కోర్టు మొదటిసారి ఏర్పడింది. దాన్నే రెండో యుద్ధం తర్వాత, 1946లో, ఐక్యరాజ్యసమితి కింద అంతర్జాతీయ న్యాయస్థానంగా తిరిగి నిలబెట్టారు. 15 మంది జడ్జీలు, తొమ్మిదేళ్ళ పదవి. సర్వప్రతినిధి సభలోనూ భద్రతా మండలిలోనూ విడివిడిగా మెజారిటీ రావాలి. 2017లో మన దల్వీర్ భండారీకి, బ్రిటన్ అభ్యర్థికి మధ్య ఇక్కడే పీటముడి పడింది. చివరికి బ్రిటన్ తప్పుకుంది. ఆ కోర్టు పుట్టాక బ్రిటిష్ జడ్జి లేకపోవడం అదే మొదలు.

ఇప్పుడు మీ ప్రశ్నలో కీలకమైన చోటికి వద్దాం. గుంటూరు కోర్టులో ప్రతివాది సమన్లు అందుకుని రాకపోతే ఎక్స్‌పార్టీ డిక్రీ ఇచ్చేస్తారు. హేగ్‌లో అంత తేలిగ్గా కుదరదు. ఈ ప్రతివాది ఎప్పుడో ఒకప్పుడు, ఏదో ఒక కాగితం మీద, నీ తీర్పుకు కట్టుబడతానని ఒప్పుకున్నాడా? కోర్టు మొదట చూసేది అదే. ఒప్పుకోవడానికి మూడు దారులున్నాయి. తగాదా వచ్చాక ఇద్దరూ కలిసి ఒప్పందం రాసుకుని రావడం ఒకటి. ఏదైనా ఒప్పందం మీద సంతకం పెట్టినప్పుడే ‘దీని మీద తగాదా వస్తే హేగ్‌కు’ అనే షరతుకు తలూపడం రెండోది. ఏ తగాదా అయినా సరే వస్తామని ముందుగానే ప్రకటన ఇచ్చి ఉంచడం మూడోది. ఇలాంటి ప్రకటన ఇచ్చినవి డెబ్బైకి పైగా దేశాలు. అవి కూడా సవాలక్ష మినహాయింపులు పెట్టుకుంటాయి.

మన దేశం 1974లో ఇచ్చిన ప్రకటనలో, దాని బదులు 2019లో ఇచ్చిన కొత్త ప్రకటనలో, ఒక మినహాయింపు స్పష్టంగా ఉంది: కామన్వెల్త్ దేశాలతో తగాదాలు ఈ కోర్టుకు రావు. పాకిస్తాన్‌ను దృష్టిలో పెట్టుకున్న మాట అని వేరే చెప్పక్కర్లేదు. 1999 ఆగస్టు 10న కచ్ సరిహద్దులో మన వైమానిక దళం పాకిస్తాన్ నౌకాదళ విమానాన్ని కూల్చింది. అందులోని పదహారు మందీ చనిపోయారు. పాకిస్తాన్ హేగ్‌కు వెళ్ళింది. మనం ఆ మినహాయింపు చూపించాం. ఎవరిది తప్పు అనే జోలికే పోకుండా 2000 జూన్‌లో కోర్టు 14-2తో ‘మాకు అధికారం లేదు’ అని ఫైలు మూసేసింది. ఆ ధర్మాసనంలో మన దేశం ఎంచుకున్న ప్రత్యేక జడ్జి తెలుగువారే, సుప్రీంకోర్టులో పనిచేసిన జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి. తన దేశపు జడ్జి ధర్మాసనంలో లేకపోతే ఆ ఒక్క కేసుకు ఒకరిని కూర్చోబెట్టుకునే హక్కు ప్రతి కక్షికీ ఉంటుంది. జెనీవాలో ‘నా మనిషి ఒకడు’ అన్నదానికి అది మిగిలిన ఆనవాలు.

జాధవ్ కేసులో దారి వేరు. కాన్సులర్ సంబంధాల మీద వియన్నా ఒప్పందం ఉంది. ఒక దేశపు పౌరుడిని ఇంకో దేశం అరెస్టు చేస్తే అతని రాయబార కార్యాలయం వారిని కలవనివ్వాలని అందులో రాసి ఉంది. దానికి జతగా, ఈ ఒప్పందం మీద తగాదా వస్తే హేగ్‌కే వెళ్ళాలని ఒక అనుబంధ పత్రం. ఆ పత్రం మీద భారత్, పాకిస్తాన్ రెండూ ఎప్పుడో ఒప్పుకుని ఉన్నాయి. అంటే రెండో దారి. అందుకే మనం గూఢచర్యం గురించీ బలూచిస్తాన్ గురించీ వాదనకు దిగకుండా, కేసును ‘మా మనిషిని మాకు కలవనివ్వలేదు’ అనే ఒక్క గడప దగ్గరే నిలబెట్టాం. 2017 మే 8న దావా, మే 18న ఉరి ఆపమని మధ్యంతర ఉత్తర్వు. ఇంత వేగం మన దగ్గర ఇంజంక్షన్ పిటిషన్లలో కూడా నేను చాలా తక్కువసార్లు చూశాను. 2019 జులై 17న 15-1తో తీర్పు వచ్చింది. అయితే మన టీవీల్లో చెప్పినంత సంపూర్ణ విజయం కాదది. శిక్ష కొట్టేసి ఇంటికి పంపమని మనం అడిగాం, కోర్టు అది ఇవ్వలేదు. శిక్షను మళ్ళీ సమీక్షించమంది, అప్పటిదాకా ఉరి వద్దంది. ఆయన ఇంకా అక్కడి జైల్లోనే ఉన్నారు. కానీ సైనిక కోర్టు 2017లో ఉరిశిక్ష వేసిన మనిషి బతికి ఉండటం వెనుక అమీనా లేని కోర్టు రాసిన నాలుగు కాగితాలున్నాయి.

సింధు జలాలు మళ్ళీ ఇంకో గది. అది అంతర్జాతీయ న్యాయస్థానానికి వెళ్ళే తగాదానే కాదు. 1960 ఒప్పందంలోనే సాంకేతిక తగాదాలకు తటస్థ నిపుణుడు, మిగతావాటికి మధ్యవర్తుల ధర్మాసనం అని రెండు మెట్లు రాసుకున్నారు. జీలం ఉపనది మీది కిషన్‌గంగ, చీనాబ్ మీది రాత్లే ప్రాజెక్టుల మీద ఒకే సమయంలో రెండు మెట్లూ ఎక్కడం కుదరదని, అలా ఏర్పాటైన ధర్మాసనాన్ని గుర్తించబోమని మన వాదన. 2025 ఏప్రిల్‌లో పహల్గాం దాడి తర్వాత ఒప్పందాన్నే పక్కన పెట్టాం, ఆ ధర్మాసనం ఆ తర్వాత ఇచ్చినదాన్నీ తోసిపుచ్చాం. ఈ వాదనలో బలమెంత అని అడిగితే, ‘రెండు వేదికలు ఒకేసారి వద్దు’ అన్న భాగం గట్టిదే. ఒప్పందాన్ని ఒకవైపు నుంచే ఆపి ఉంచవచ్చా అన్న భాగం దగ్గర నేను లాయరుగా కొంచెం తడబడతాను. పరీక్షలో మాత్రం జాధవ్ కేసు ఒక ధర్మాసనం, సింధు ఇంకో ధర్మాసనం, ఒప్పుకున్న కాగితాలు వేరువేరు అని రాయండి. మీ ప్రశ్నలోని వైరుధ్యం సగానికి పైగా అక్కడే తీరిపోతుంది.

ఇంతకాలం పాఠం చెప్పినవాణ్ణి గనుక నాకు అన్నిటికన్నా ఇష్టమైన కేసు గురించి కొంచెం ఎక్కువ రాస్తాను, ఓపిక పట్టండి. కాంబోడియా, థాయ్‌లాండ్‌ల మధ్య దాంగ్రెక్ కొండల అంచున ప్రీహ్ విహార్ అనే పాత శివాలయం ఉంది. 1904లో కాంబోడియాను ఏలుతున్న ఫ్రాన్సు, అప్పటి సయాం (ఇప్పటి థాయ్‌లాండ్) కలిసి ఒప్పందం రాసుకున్నాయి. కొండ మీద పడ్డ వాన నీరు ఎటు పారితే అటు సరిహద్దు. ఆ లెక్కన గుడి తమ వైపే వస్తుందని థాయ్ వాదన. కానీ పటాలు గీసే పని సయాం ఫ్రెంచి అధికారులకే వదిలేసింది. వాళ్ళు గీసిన పటంలో గుడి కాంబోడియా వైపు పడింది. 1908లో ఆ పటాలు బ్యాంకాక్ చేరాయి. సయాం మంత్రి దామ్రోంగ్ రాకుమారుడు ఏం చేశాడు? అభ్యంతరం రాయలేదు. కృతజ్ఞతలు చెప్పి, తమ జిల్లాల గవర్నర్లకు పంచడానికి ఇంకో పదిహేను ప్రతులు పంపమన్నాడు.

ఆ పదిహేను ప్రతులు యాభై ఏళ్ళ తర్వాత వాళ్ళ మెడకు చుట్టుకున్నాయి. 1930లో అదే దామ్రోంగ్ గుడి చూడటానికి వెళ్ళాడు. అక్కడ ఫ్రెంచి అధికారి తమ జెండా ఎగరేసి, ఇల్లుగలవాడు అతిథిని ఆహ్వానించినట్టు ఆహ్వానించాడు. రాకుమారుడు అప్పుడూ ఏమీ అనలేదు. పైగా తిరిగి వెళ్ళాక ఆ రోజు ఫోటోలు మర్యాదగా పంపించాడు. నోరెత్తితే ఫ్రెంచివాళ్ళకు ఇంకొంత నేల ఆక్రమించుకునే సాకు దొరుకుతుందని భయపడేవాళ్ళమని ఆయన కుమార్తె తర్వాత చెప్పింది. నిజమే కావచ్చు. కానీ 1962 జూన్‌లో కోర్టు 9-3తో గుడి కాంబోడియాదే అంది. నీళ్ళు ఎటు పారతాయో తేల్చే పని కూడా పెట్టుకోలేదు. పటం అందుకున్నావు, ప్రతులు అడిగావు, జెండా చూశావు, అర్ధ శతాబ్దం మాట్లాడలేదు, ఇప్పుడు పటం తప్పంటే ఎలా అన్నది. మౌనం అర్ధాంగీకారం అంటాం మనం. ఆ కోర్టు దాన్ని పూర్తి అంగీకారం చేసింది.

నా మిర్చి రైతు తగాదాలో కూడా జడ్జిగారు నన్ను మొదట అడిగింది ఇదే: ‘గట్టు జరిగిన ఏడాది మీ కక్షిదారు తహసీల్దారుకు అర్జీ పెట్టుకున్నారా?’ అదృష్టం కొద్దీ పెట్టుకున్నాడు. రసీదు బియ్యం డబ్బాలో దాచాడు.

ఇక థాయ్‌లాండ్ ఏం చేసింది? జనం వీధుల్లోకి వచ్చారు, ప్రభుత్వం తీర్పును తిట్టింది. తిట్టి, గుడి ఖాళీ చేసింది. అప్పుడు జరిగిన ఒక చిన్న పని నాకు ఎప్పుడూ గుర్తొస్తుంది. గుడి ముందు తమ జెండాను కిందికి దించడానికి వాళ్ళకు మనసు రాలేదు. జెండా ఎగురుతుండగానే కర్రతో సహా పెకలించి, అలాగే నిలువుగా మోసుకుని తమ నేల మీదికి తీసుకుపోయారు. ప్రభుత్వాలకు కోర్టు ఎందుకు అని మీరడిగారు కదా, అందుకే. జెండా దించకుండా వెనక్కి రావాలి. తమంతట తాము వదులుకుంటే ఇంట్లో జనం ఊరుకోరు. కోర్టు చెప్పిందంటే తిట్టడానికి మూడో మనిషి దొరుకుతాడు. అలాగని ఆ తీర్పు అన్నీ తీర్చేయలేదు. గుడి చుట్టూ నేల మీద 2011 దాకా కాల్పులు జరిగాయి, 2013లో కోర్టు తన తీర్పుకు తానే వివరణ ఇవ్వాల్సి వచ్చింది. 2025లో ఆ సరిహద్దు మళ్ళీ మండింది. ఇప్పుడు థాయ్‌లాండ్ ఆ కోర్టు అధికారాన్ని ఒప్పుకోవడం లేదు.

మనమూ ఒకసారి ఇలాగే వెనక్కి వచ్చాం. ఈ తరం వారికి పెద్దగా తెలియదు. 1965 వేసవిలో కచ్ రణ్‌లో పాకిస్తాన్‌తో పోరు జరిగింది. జూన్ 30న రెండు దేశాలూ తగాదాను ముగ్గురు మధ్యవర్తులకు అప్పగించడానికి ఒప్పుకున్నాయి. మన తరఫున యుగోస్లావియా జడ్జి, వాళ్ళ తరఫున ఇరాన్ దౌత్యవేత్త, అధ్యక్షుడు స్వీడన్ జడ్జి. రెండు నెలలు తిరిగేసరికి సెప్టెంబరులో అసలు యుద్ధమే వచ్చింది, అయినా ఈ మధ్యవర్తిత్వం ఆగలేదు. 1968 ఫిబ్రవరి 19న 2-1తో తీర్పు: తగాదాలోని సుమారు 3,500 చదరపు మైళ్ళలో పదో వంతు పాకిస్తాన్‌కు, మిగతాది మనకు. మన తరఫు మధ్యవర్తి మొత్తం మనదే అన్నాడు. ఆ పదో వంతులో సింధ్ వైపు జనం పశువులు మేపుకునే గడ్డి మిట్టలున్నాయి. పార్లమెంటులో గగ్గోలు పుట్టింది. రాజ్యాంగ సవరణ లేకుండా అంగుళం కూడా ఇవ్వకూడదని కొందరు సుప్రీంకోర్టుకు వెళ్ళారు. 1969లో సుప్రీంకోర్టు, ఇది ఉన్న భూమిని ధారపోయడం కాదు, తెలియని సరిహద్దు ఎక్కడుందో తేల్చుకోవడం, సవరణ అక్కర్లేదు అంది. అక్కడ సరిహద్దు స్తంభాలు పాతారు. పాకిస్తాన్‌తో యుద్ధం చేసి నాలుగేళ్ళు కూడా కాని దేశం, పోలీసు లేని మధ్యవర్తుల మాట విని, స్తంభాలు పాతించింది. నన్నడిగితే మన ప్రజాస్వామ్యం చేసిన మంచి పనుల్లో అదొకటి, పాఠ్యపుస్తకాలు దాని మీద ఒక పేరా కూడా ఎందుకు రాయవో తెలియదు.

సముద్రం మీద కూడా అంతే. బంగాళాఖాతంలో బంగ్లాదేశ్‌తో సరిహద్దు తగాదా 2014 జులైలో తేలినప్పుడు తగాదాలోని 25,602 చదరపు కిలోమీటర్లలో 19,467 వాళ్ళకే వచ్చాయి. మన ప్రభుత్వం ఒప్పుకుంది. సరిహద్దు తేలని నీళ్ళలో చమురు తవ్వడానికి ఏ కంపెనీ వస్తుంది? నా ప్రతివాదికి బ్యాంకు అప్పు ఎలాగో ఇదీ అలాగే. ఆ ధర్మాసనంలో మన తరఫు మధ్యవర్తి పెమ్మరాజు శ్రీనివాసరావు, తెలుగువారు. ఇక సముద్ర న్యాయానికి జర్మనీలోని హాంబర్గ్‌లో విడిగా ఒక ట్రిబ్యునల్ ఉంది. 1996లో మొదలైనప్పటి నుంచి 2017 దాకా అక్కడ జడ్జిగా ఉండి, 1999 నుంచి 2002 దాకా అధ్యక్షుడిగా చేసినవారు మన కృష్ణా జిల్లాలో పుట్టిన పాటిబండ్ల చంద్రశేఖరరావు. ప్రకాశం బ్యారేజి మీద రోజూ దాటేవాళ్ళలో ఎంతమందికి ఆ పేరు తెలుసో! ఎన్రికా లెక్సీ కేసులో మన తరఫు మధ్యవర్తి ఆయనే. 2018లో ఆయన పోయాక ఆ స్థానంలోకి పెమ్మరాజు వారు వచ్చారు. 2020 తీర్పులో నావికులను విచారించే అధికారం మనకు లేదన్నారు, కానీ ఇటలీ పరిహారం ఇవ్వాలన్నారు. పది కోట్ల రూపాయలు జమ అయ్యాక 2021లో సుప్రీంకోర్టు కేసు మూసింది.

లెక్కచేయనివాళ్ళు లేరా అంటే, ఉన్నారు. వాళ్ళు సాధారణంగా పెద్దవాళ్ళే. 1986లో నికరాగువా కేసులో అమెరికా ఓడిపోయింది. అప్పుడు కోర్టు అధ్యక్షుడు మన నగేంద్ర సింగ్. తీర్పు అమలుకు భద్రతా మండలికి వెళ్ళాలని ఐరాస చార్టర్ 94వ అధికరణం చెబుతుంది. నికరాగువా వెళ్ళింది, అక్కడ అమెరికా వీటో వేసింది. ముద్దాయే అమీనాకు యజమాని అయితే ఏముంది చెప్పడానికి? దక్షిణ చైనా సముద్రం మీద 2016 తీర్పును చైనా చెత్తకాగితం అంది. యుద్ధం ఆపమన్న 2022 మార్చి ఉత్తర్వును రష్యా పట్టించుకోలేదు. మీ మాస్టారు చెప్పిన సగం నిజం ఇదే, దీన్ని దాచిపెట్టి పాఠం చెప్పేవాడు విద్యార్థిని మోసం చేసినట్టే.

కానీ రెండో పక్క లిబియాను చూడండి. 1973 నుంచి గడాఫీ సైన్యం పట్టుకుని కూర్చున్న ఆవూజు ఎడారిని 1994 ఫిబ్రవరిలో కోర్టు 16-1తో చాద్‌కు ఇచ్చింది. మే నెలాఖరుకు లిబియా సైన్యం ఖాళీ చేసి వెళ్ళింది. గడాఫీ! అప్పటికే ఆంక్షలతో ఊపిరాడక ఉన్నాడు, ఇంకో తగాదా మోసే ఓపిక లేదు. కోర్టు తొలి కేసులో, 1949లో, ఓడిన ఆల్బేనియా కోర్ఫు జలసంధిలో మందుపాతరలకు బలైన 44 మంది బ్రిటిష్ నావికుల కోసం పరిహారం కట్టమంటే నలభై ఏళ్ళు మొండికేసింది. కమ్యూనిస్టు పాలన కూలి, ప్రపంచంతో లావాదేవీలు కావలసి వచ్చినప్పుడు, 1992లో 20 లక్షల డాలర్లకు ఒప్పుకుంది. లండన్‌లో చిక్కుకున్న దాని బంగారం 1996లో విడుదలైంది. మన ఇ.పి.ల వయసుతో పోలిస్తే మరీ ఎక్కువేమీ కాదు లెండి.

పోలీసులుంటే అంతా సవ్యంగా జరిగిపోతుందని ఇంకా అనిపిస్తే మన కృష్ణ దగ్గరికే రండి. బచావత్ ట్రిబ్యునల్ 1973లో 2,060 టి.ఎం.సి.లు పంచింది: మహారాష్ట్రకు 560, కర్ణాటకకు 700, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు 800. దాని వెనుక ఒకే రాజ్యాంగం, ఒకే పార్లమెంటు, ఒకే సుప్రీంకోర్టు ఉన్నాయి. రాష్ట్రం విడిపోయాక పునరుత్పత్తి జలాలతో కలిపి 811లో ఆంధ్రకు 512, తెలంగాణకు 299 అని తాత్కాలికంగా రాసుకున్నారు. 2023 నవంబరు 30న, తెలంగాణలో పోలింగ్ రోజు తెల్లవారుజామున, నాగార్జున సాగర్ డ్యామ్ మీద పదమూడో గేటు దగ్గర ముళ్ళకంచె వేసి రెండు రాష్ట్రాల పోలీసులు ఎదురెదురుగా నిలబడ్డారు. చివరికి కేంద్ర బలగాలు వచ్చి డ్యామ్ కాపలా తీసుకున్నాయి. అక్కడ పోలీసులకు కొదవ ఉందని ఎవరూ అనలేరు.

మీ చివరి చిన్న ప్రశ్నకు జవాబు మిగిలింది: హేగ్‌లో దావాకు కోర్టు ఫీజు ఎంత? ఏమీ లేదు. స్టాంపులు అంటించే పని లేదు, కోర్టు ఖర్చు ఐరాస బడ్జెట్ భరిస్తుంది. ఖర్చంతా లాయర్లకూ పటాలకూ అనువాదాలకే. పేద దేశాల కోసం 1989 నుంచి ఐరాస ప్రధాన కార్యదర్శి దగ్గర ఒక సహాయ నిధి ఉంది. జాధవ్ కేసులో హరీశ్ సాల్వే తీసుకున్న ఫీజు ఒక్క రూపాయి. ఇంకొక్క మాట, మీరు రాసిన దాంట్లో రెండుచోట్ల అంతర్జాతీయ క్రిమినల్ కోర్టును దీనితో కలిపేశారు. అదీ హేగ్‌లోనే ఉంది గానీ, 2002లో మొదలైన వేరే సంస్థ. మనుషులను విచారిస్తుంది, దేశాలను కాదు. మన దేశం అందులో సభ్యురాలు కాదు. ప్రిలిమ్స్‌లో ఇది ప్రతి రెండేళ్ళకూ ఎవరినో ఒకరిని పడగొడుతుంది.